మట్టి బ్యాక్టీరియా నుంచి కొత్త యాంటీబయాటిక్ వెతకడం ఎలా? బెంగళూరులో ప్రాజెక్ట్ చేసే మనవాళ్ల కోసం మొదట్నుంచి చివరిదాకా

తిరుపతి, అనంతపురం, గుంటూరు, వరంగల్ నుంచి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పిల్లలు ప్రతి ఏడాదీ ప్రాజెక్ట్ కోసం బెంగళూరు వస్తుంటారు, యలహంకలోనో హెబ్బాళ్‌లోనో పీజీ చూస్కుని ల్యాబ్‌లో చేరతారు, వాళ్లలో చాలామందికి ఇచ్చే టాపిక్ ఒకటే, మట్టిలోంచి యాక్టినోమైసీట్స్ (దారాల్లా పెరిగే మట్టి బ్యాక్టీరియా, పొట్టిగా యాక్టినోలు) తీసి యాంటీబయాటిక్ యాక్టివిటీ చూడమని. కొన్నాళ్లకి "అక్కా, స్టాఫ్ మీద ఇంత పెద్ద జోన్ వచ్చింది" అని ఫొటో పంపిస్తారు. స్టాఫ్ అంటే స్టాఫ్ ఆరియస్ అనే జబ్బు బ్యాక్టీరియా, జోన్ అంటే మందు చుట్టూ బ్యాక్టీరియా పెరగకుండా మిగిలే ఖాళీ వలయం. ఆ సంతోషం నాకూ సంతోషమే. కానీ ఆ ఫొటోతోనే థీసిస్ అయిపోతుంది, అసలు పని మాత్రం అక్కడే మొదలవ్వాలి. మట్టిలో సూక్ష్మజీవుల్ని చంపే పదార్థం దొరకడం కష్టం కాదు, దొరికింది ఎనభై ఏళ్ల కిందటే ఎవరో కనిపెట్టిన పాత మందు కాదని తేల్చడమే కష్టం. అందుకే ఈ గైడ్‌లో మట్టి తవ్వే రోజు నుంచే "ఇది పాతదేమో" అన్న ప్రశ్న పక్కన పెట్టుకుని పనిచేయడం ఎలాగో చెప్తాను.

ముందు కొంచెం చరిత్ర, ఇది తెలీకపోతే మిగతాది ఎందుకు చేస్తున్నామో అర్థం కాదు. 1943లో అమెరికాలో రట్గర్స్‌లో సెల్మన్ వాక్స్‌మన్ ల్యాబ్‌లో ఆల్బర్ట్ షాట్జ్ అనే స్టూడెంట్ స్ట్రెప్టోమైసెస్ గ్రైసియస్ నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు, టీబీకి పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అదే. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే లెడర్లీ అనే మందుల కంపెనీలో బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ పొలం మట్టిలోంచి ఆరియోమైసిన్ తీశాడు, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అప్పుడు ఆ కంపెనీలో పరిశోధనంతా నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. తర్వాత ఎరిత్రోమైసిన్ ఫిలిప్పీన్స్ మట్టి నుంచి, వాంకోమైసిన్ బోర్నియో మట్టి నుంచి, రిఫామైసిన్ ఫ్రాన్స్ సముద్రతీరం మట్టి నుంచి వచ్చాయి. మన దేశంలో కూడా పింప్రిలోని హిందుస్థాన్ యాంటీబయాటిక్స్‌లో తిరుమలాచార్ గారి బృందం మట్టిలోని స్ట్రెప్టోమైసెస్ నుంచి హామైసిన్ అనే ఫంగస్ మందు తీసింది.

1960ల తర్వాత ఈ ధార తగ్గిపోయింది. మట్టి అయిపోలేదు, ఎక్కడ తవ్వినా అవే మందులు మళ్లీ మళ్లీ దొరకడం మొదలైంది. యాదృచ్ఛికంగా తీసిన యాక్టినోల్లో సుమారు పదింట ఒకటి స్ట్రెప్టోత్రిసిన్ అనే పాత మందు చేస్తుంది, వందలో ఒకటి స్ట్రెప్టోమైసిన్ చేస్తుంది, అదే డాప్టోమైసిన్ లాంటి అరుదైన మందు కావాలంటే కోటికి ఒకటో రెండో అని అంచనా. ఇంకోపక్క 2019లో మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవాళ్లు ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది. కాబట్టి పని ఆపేయడానికి లేదు, పద్ధతి మార్చాలి.

మట్టి దగ్గరికి వెళ్లేముందు

ఇది ఇంట్లో, వంటగదిలో చేసే పని కాదు. ఆటోక్లేవ్, లామినార్ లేదా బయోసేఫ్టీ క్యాబినెట్ ఉన్న ల్యాబ్‌లోనే చేయాలి. దక్షిణాది మట్టిలో, ముఖ్యంగా వానాకాలంలో, బర్ఖోల్డేరియా సూడోమల్లీ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, మెలియాయిడోసిస్ అనే సీరియస్ జబ్బు తెస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం. గ్లోవ్స్, మాస్క్, చేతిమీద గాయం ఉంటే ఆ రోజు తవ్వకూడదు. ప్లేట్లు 28 డిగ్రీల్లో పెంచాలి, మట్టి ప్లేట్లని 37లో పెడితే మనిషి ఒంట్లో బతికే వాటిని మనమే పిలిచి పెంచినట్టు అవుతుంది.

టెస్ట్ బ్యాక్టీరియా విషయంలో కూడా అంతే. హాస్పిటల్ నుంచి తెచ్చిన రెసిస్టెంట్ స్ట్రెయిన్లతో మొదలెట్టొద్దు. బేసిలస్ సబ్‌టిలిస్, ఈ.కోలై కే-12, సూడోమోనాస్ పుటిడా, ఎసినెటోబ్యాక్టర్ బేలై లాంటి సురక్షితమైన బంధువులతో స్క్రీనింగ్ చేస్కోండి. జో హ్యాండెల్స్‌మన్ మొదలెట్టిన టైనీ ఎర్త్ అనే ప్రోగ్రాంలో ప్రపంచమంతా కాలేజీ పిల్లలు ఇలా సురక్షిత బంధువులతోనే చేస్తారు. నిజమైన స్టాఫ్ ఆరియస్ తర్వాత, బీఎస్‌ఎల్-2 (జబ్బు బ్యాక్టీరియాతో పనికి తగ్గ రెండో స్థాయి బయోసేఫ్టీ) సదుపాయం ఉన్నచోట.

మట్టి ఎక్కడిది

బెంగళూరు చుట్టుపక్కల ఎర్రమట్టి, రాగి పొలాలు, తోటలు, గుట్టలు, చెరువు గట్లు అన్నీ ఉన్నాయి, కానీ కాలేజీ వెనక గార్డెన్‌లో పైపైన గీకి తెచ్చిన మట్టిలోంచి కొత్తది వచ్చే అవకాశం తక్కువ, అక్కడ వేగంగా పెరిగే మామూలు స్ట్రెప్టోమైసెస్‌దే రాజ్యం. నా ఓటు ఎప్పుడూ పుట్టమన్నుకీ, మొక్కల వేళ్లకి అంటుకున్న మట్టికీ. చెదలు కట్టిన పుట్టలో తేమ, ఆహారం, పోటీ అన్నీ వేరేగా ఉంటాయి, అక్కడ బతికే యాక్టినోలు కూడా వేరేగా ఉండే అవకాశం ఎక్కువ. మన ఊళ్లో నాగులచవితికి పాలు పోసే పుట్ట జోలికి మాత్రం వెళ్లొద్దు, పొలం గట్టున పాడుబడిన పుట్టలు బోలెడుంటాయి. సెలవులకి చిత్తూరు, అనంతపురం వెళ్లినప్పుడు సొంత పొలం నుంచి తెచ్చుకోవడం అన్నిటికంటే మంచిది, అనుమతి గొడవ ఉండదు, ఆ పొలంలో ఏ మందులు కొట్టారో, ఏ పంట వేశారో నాన్ననో మామయ్యనో అడిగి రాసుకోవచ్చు.

బన్నేరుఘట్ట అడవి మట్టి అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా తేకూడదు, జీకేవీకే పొలాలు వ్యవసాయ విశ్వవిద్యాలయానివి, అక్కడ కూడా అడగాలి. లాల్‌బాగ్‌లో తవ్వే ఆలోచనే వద్దు. బయోడైవర్సిటీ చట్టం 2002 ప్రకారం మన దేశపు సూక్ష్మజీవుల్ని విదేశీ ల్యాబ్‌కి పంపాలన్నా, పేటెంట్ దాకా వెళ్లాలన్నా చెన్నైలోని నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీతో పని పడుతుంది, కాబట్టి మొదటి రోజు నుంచే ఎక్కడ, ఎప్పుడు, ఎవరి అనుమతితో తీశారో రాసిపెట్టుకోండి.

పైన రెండు మూడు సెంటీమీటర్లు పక్కకి తోసేసి, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతులో, స్పిరిట్‌తో తుడిచిన కరండీతో 50 గ్రాములు తీసి స్టెరైల్ జిప్ కవర్లో వేస్కోండి. జీపీఎస్ లొకేషన్, పీహెచ్, పక్కనున్న మొక్కలు, వాన పడి ఎన్నాళ్లయింది, ఇవి నోట్‌బుక్‌లోకి వెళ్లాలి. నాలుగు వేర్వేరు చోట్ల మట్టి, ఒకేచోట నలభై కవర్ల కంటే మేలు.

ఎండబెట్టడం, వేడి చేయడం

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, అందుకే ప్లేట్ నిండా మామూలు బేసిలస్, ఫంగస్ తప్ప ఏమీ రాదు. మట్టిని స్టెరైల్ పేపర్ మీద పల్చగా పరిచి నీడలో వారం ఆరబెట్టండి, జూలై ఆగస్టుల్లో బెంగళూరు తేమకి ఇంకొంచెం ఎక్కువ పట్టొచ్చు. ఆరితే యాక్టినోల స్పోర్లు (విత్తనాల్లాంటి గట్టి కణాలు) బతికుంటాయి, మెత్తటి గ్రామ్ నెగటివ్‌లు (ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా) చాలావరకు పోతాయి. తర్వాత అదే మట్టిని మూడు భాగాలు చేయండి. ఒకటి అలాగే. రెండోది పదింట ఒక వంతు కాల్షియం కార్బొనేట్ కలిపి, కొంచెం తడిపి, 28 డిగ్రీల్లో వారం పైన మూతపెట్టి ఉంచండి, ఇది యాక్టినోల సంఖ్య పెంచుతుంది. మూడోది ఓవెన్‌లో 100 డిగ్రీల పొడి వేడిలో గంట ఉంచండి. ఇక్కడ కాలనీలు బాగా తగ్గిపోతాయి, దాన్ని చూసి కంగారు పడొద్దు, మైక్రోబిస్పోరా, స్ట్రెప్టోస్పోరాంజియం లాంటి అరుదైనవి బయటపడేది ఇక్కడే.

ప్లేటింగ్

ఒక గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల స్టెరైల్ సెలైన్‌లో వేసి బాగా కుదిపి, అక్కణ్నుంచి పది రెట్ల చొప్పున పల్చన చేస్కుంటూ ఆరో ట్యూబ్ దాకా వెళ్లండి. మూడు, నాలుగు, ఐదో ట్యూబుల నుంచి 100 మైక్రోలీటర్లు చొప్పున ప్లేట్ మీద పరచండి. వేడి చేసిన మట్టికైతే రెండో ట్యూబ్ నుంచే.

మీడియా విషయంలో నా మాట వినండి, బలమైన తిండి పెట్టొద్దు. న్యూట్రియంట్ అగార్ మీద గబగబా పెరిగేవే వస్తాయి. స్టార్చ్ కేసీన్ అగార్ చేస్కోండి, లీటరుకి స్టార్చ్ 10 గ్రాములు, కేసీన్ 0.3, పొటాషియం నైట్రేట్ 2, ఉప్పు 2, డైపొటాషియం ఫాస్ఫేట్ 2, మెగ్నీషియం సల్ఫేట్ 0.05, కాల్షియం కార్బొనేట్ 0.02, ఫెర్రస్ సల్ఫేట్ 0.01, అగార్ 18 గ్రాములు, పీహెచ్ 7.2. దీంతోపాటు హ్యూమిక్ యాసిడ్ విటమిన్ అగార్ కూడా ఒక సెట్ పోస్తే చాలా మంచిది, బ్యాక్టీరియాకి అక్కడ దొరికేది మట్టిలో దొరికే తిండి లాంటిదే. ఫంగస్ రాకుండా సైక్లోహెక్సిమైడ్ మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాములు, గ్రామ్ నెగటివ్‌లు ఆగడానికి నాలిడిక్సిక్ యాసిడ్ 20 మైక్రోగ్రాములు. సైక్లోహెక్సిమైడ్ మనకీ విషమే, తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి, లేదంటే నిస్టాటిన్ వాడండి, దాన్ని డీఎంఎస్‌ఓ అనే సాల్వెంట్‌లో కరిగించాలి.

ప్లేట్‌లో 25 మిల్లీలీటర్లు మందంగా పోయండి, ఎందుకంటే ఈ ప్లేట్లు మూడు నాలుగు వారాలు ఇంక్యుబేటర్‌లో ఉండాలి, పల్చగా పోస్తే ఎండిపోతాయి. లోపల ఒక గిన్నెలో నీళ్లు పెట్టండి. ప్లేట్ వెనక మార్కర్‌తో ఏ కాలనీ ఏ వారంలో కనపడిందో రంగు మార్చి చుక్క పెట్టండి. మొదటి వారం వచ్చినవి నల్ల చుక్క, రెండోవారం ఎరుపు, ఆ తర్వాత ఆకుపచ్చ. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలే మనకి ముఖ్యం. 2025లో కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు లారియోసిడిన్ అనే కొత్త యాంటీబయాటిక్ ప్రకటించారు, అది ఒక ఇంటి పెరటి మట్టిలోని పేనిబేసిలస్ నుంచి వచ్చింది, వాళ్లు ఆ మట్టి బ్యాక్టీరియాని దాదాపు ఏడాది పాటు ఓపిగ్గా పెరగనిచ్చారు. పెరటి మట్టే, మారింది ఓపిక.

ఇంకో సంగతి. మట్టిలో ఉన్న బ్యాక్టీరియాలో మన ప్లేట్ మీద పెరిగేది సుమారు ఒక శాతమే అంటారు. మిగతా వాటికోసం 2015లో టైక్సోబ్యాక్టిన్ కనిపెట్టిన కిమ్ లూయిస్, స్లావా ఎప్‌స్టైన్ బృందం ఐచిప్ అనే చిన్న పరికరం వాడింది, బ్యాక్టీరియాని గదుల్లో పెట్టి రెండువైపులా సన్న పొర వేసి తిరిగి అదే మట్టిలో పాతిపెట్టడం. దాని సింపుల్ రూపం మన ల్యాబ్‌లోనూ చేస్కోవచ్చు, స్టీల్ వాషర్ తీస్కుని, కింద 0.03 మైక్రాన్ పాలీకార్బొనేట్ మెంబ్రేన్ సిలికాన్‌తో అతికించి, మధ్యలో బాగా పల్చన చేసిన మట్టి ద్రావణం కలిపిన మెత్తటి అగార్ పోసి, పైన ఇంకో మెంబ్రేన్ వేసి మూసేసి, అదే మట్టి ఉన్న ట్రేలో తేమగా మూడు నాలుగు వారాలు ఉంచడం. లోపల పెరిగిన చిన్న చిన్న కాలనీలు తీసి ప్లేట్‌కి మారిస్తే కొన్ని అలవాటు పడతాయి, కొన్ని పడవు.

కాలనీలు ఎంచుకోవడం, దాచుకోవడం

టాల్కమ్ పౌడర్ చల్లినట్టు కనపడేవి, అగార్‌ని గట్టిగా పట్టుకుని టూత్‌పిక్‌కి ఊడిరానివి యాక్టినోలు. నారింజ రంగులో మొదలై నల్లబడేవి మైక్రోమోనోస్పోరా కావొచ్చు. ప్లేట్ మూత తీస్తే తొలకరి వాన వాసన వస్తుంది, అది జియోస్మిన్, కానీ ముక్కు దగ్గర పెట్టి పీల్చొద్దు, స్పోర్లు లోపలికి వెళ్తాయి. ఒకే రకంగా కనపడేవాటిలో ఒక్కటి చాలు, తేడా ఉన్నవి ఎక్కువ తీయండి. ఐఎస్‌పీ-2 అనే మీడియా మీద మూడుసార్లు స్ట్రీక్ చేసి ప్యూర్ అయ్యాక, స్పోర్లని 20 శాతం గ్లిజరాల్‌లో కలిపి మైనస్ 80లో రెండు సెట్లు పెట్టండి. స్ట్రెప్టోమైసెస్‌ని ప్లేట్ నుంచి ప్లేట్‌కి మారుస్తూ పోతే మందు చేసే గుణం పోగొట్టుకోవడం మామూలే, కాబట్టి ప్రతి ప్రయోగం ఫ్రీజర్ స్టాక్ నుంచే మొదలవ్వాలి.

మొదటి స్క్రీనింగ్

క్రాస్ స్ట్రీక్ తేలిక, మధ్యలో మన ఐసొలేట్ (మట్టిలోంచి తీసి ప్యూర్ చేసిన బ్యాక్టీరియా) గీత గీసి వారం పెంచి, దానికి అడ్డంగా టెస్ట్ బ్యాక్టీరియా గీయడం. నాకు అగార్ ప్లగ్ ఇంకా నమ్మకం. పది రోజులు పెరిగిన ప్లేట్ నుంచి 6 మిల్లీమీటర్ల ముక్క కోసి, టెస్ట్ బ్యాక్టీరియా పరిచిన ప్లేట్ మీద బోర్లించి, రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి మందు అగార్‌లోకి దిగనిచ్చి, తర్వాత ఇంక్యుబేట్ చేయడం. పక్కన ఏమీ పెంచని మీడియా ప్లగ్ కంట్రోల్‌గా ఉండాలి.

జోన్ మిల్లీమీటర్లు కొలిచి ఇది బలమైనది అది బలహీనం అని ర్యాంకులు వేయొద్దు. పెద్ద మాలిక్యూల్ అగార్‌లో పాకదు, దానికి చిన్న జోనే వస్తుంది, పాలీమిక్సిన్ అందుకు ఉదాహరణ. పెద్ద జోన్ అంటే అది బాగా కరుగుతుందని, బాగా పాకుతుందని మాత్రమే. ఇంకా కొన్ని జోన్లు అసలు యాంటీబయాటిక్‌వే కాదు, కొన్ని ఆమ్లం వల్ల వస్తాయి, కొన్ని ఇనుము లాగేసుకునే సిడెరోఫోర్ల వల్ల వస్తాయి. ప్లేట్‌లో కొంచెం ఫెర్రిక్ క్లోరైడ్ కలిపి మళ్లీ చూడండి, జోన్ మాయమైతే అది ఇనుము కథ.

గ్రామ్ నెగటివ్ మీద జోన్ రాకపోతే వెంటనే పక్కన పడేయకండి. ఈ.కోలైలో టోల్‌సీ అనే పంపు భాగం తీసేసిన మ్యూటెంట్ దొరికితే దానిమీద కూడా చూడండి, అక్కడ జోన్ వచ్చి మామూలు ఈ.కోలై మీద రాలేదంటే మందు లోపలికి వెళ్తోంది గానీ పంపు బయటికి తోసేస్తోంది అని తెలుస్తుంది, తర్వాత కెమిస్ట్రీ వాళ్లకి ఈ మాట చాలా ఉపయోగం.

పాతదాన్ని ఇక్కడే పట్టేయండి

జోన్ చూడగానే పేపర్ టైటిల్ రాసేయడం పెళ్లిచూపులు కాకముందే శుభలేఖలు అచ్చు వేయించినట్టే. డీరెప్లికేషన్ అంటే తెలిసిన మందుల్ని ముందే ఏరిపారేయడం, దీన్ని థీసిస్ చివర్లో కాదు, జోన్ వచ్చిన వారంలోనే మొదలెట్టాలి.

ఖర్చు లేని మొదటి జల్లెడ రెసిస్టెంట్ స్ట్రెయిన్లది. మాలిక్యులర్ బయాలజీ ల్యాబుల్లో నోర్సియోత్రిసిన్ మార్కర్ (ఆ మందుని తట్టుకునే జీన్) ఉన్న ఈ.కోలై ప్లాస్మిడ్లు మామూలుగా ఉంటాయి, నోర్సియోత్రిసిన్ అంటే స్ట్రెప్టోత్రిసిన్ల మిశ్రమమే. పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చుకుని, మామూలు ఈ.కోలై మీదా, ఈ మార్కర్ ఉన్నదాని మీదా ఒకే ప్లగ్ పెట్టండి. రెండోదాని మీద జోన్ పోయిందా, అది స్ట్రెప్టోత్రిసినే, ఆ ఐసొలేట్‌ని పక్కన పెట్టేయండి. పదింట ఒకటి ఇలా ఒక్క ప్లేట్‌తో బయటికి పోతుంది. స్ట్రెప్టోమైసిన్, కానమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ మార్కర్లున్న ఈ.కోలైలు కూడా ప్రతి క్లోనింగ్ ల్యాబ్‌లో ఉంటాయి, వాటన్నిటితో ఒక చిన్న ప్యానెల్ చేస్కోండి. మెక్‌మాస్టర్‌లో జెర్రీ రైట్ ల్యాబ్ ఇదే ఆలోచనతో, ఒక్కో ఈ.కోలైలో ఒక్కో రెసిస్టెన్స్ జీన్ పెట్టి పెద్ద సెట్టే తయారుచేసింది. ఒక మాట గుర్తుపెట్టుకోండి, ఇవి ల్యాబ్‌లో బలహీనపరిచిన స్ట్రెయిన్లు కాబట్టి వాడొచ్చు, అయినా సింక్‌లో పోయకూడదు, ఆటోక్లేవ్ చేసే పారేయాలి.

రెండో జల్లెడ ఎల్‌సీ-ఎంఎస్, అంటే మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి ఒక్కోదాని మాస్ కొలిచే పద్ధతి. దానికి ముందు ద్రవంలో పెంచి ఎక్స్‌ట్రాక్ట్ తీయాలి కాబట్టి ఆ పని చెప్పేసి మళ్లీ ఇక్కడికే వస్తాను.

పెంచడం, తీయడం

ఫ్రీజర్ స్టాక్ నుంచి సీడ్ కల్చర్ రెండు రోజులు పెంచి, 250 మిల్లీలీటర్ల ఫ్లాస్క్‌లో 50 మిల్లీలీటర్ల మీడియాకి ఐదు శాతం సీడ్ కలిపి, 28 డిగ్రీల్లో 180 ఆర్‌పీఎం మీద ఏడు రోజులు. ఫ్లాస్క్‌లో స్టీల్ స్ప్రింగ్ వేస్తే ఉండలు కట్టకుండా గాలి బాగా అందుతుంది. ఒకే మీడియాలో పెట్టొద్దు. ఒకే స్ట్రెయిన్ తిండి మార్చితే వేరే వేరే మాలిక్యూల్స్ చేస్తుంది, దీనికి ఓస్‌మాక్ అని పేరు, 2002లో జర్మన్ శాస్త్రవేత్తలు ఈ మాట ప్రచారంలోకి తెచ్చారు. కనీసం మూడు పెట్టండి, ఐఎస్‌పీ-2 ఒకటి, లీటరుకి సోయాపిండి 20 గ్రాములు మానిటాల్ 20 గ్రాములు కుళాయి నీళ్లలో కలిపింది ఒకటి, స్టార్చ్‌ది ఒకటి. ఈ కుళాయి నీళ్ల దగ్గర బెంగళూరులో ఒక చిక్కు ఉంది, కొన్ని బిల్డింగుల్లో కావేరి నీళ్లు, కొన్నిట్లో బోరు నీళ్లు, కొన్ని రోజులు ట్యాంకర్, బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ, దాంతో ఫలితం మారిపోగలదు. ఏ నీళ్లో రాసుకోండి, వీలైతే ఒకే నీళ్లు పట్టి పెట్టుకోండి.

ఏడో రోజు సెంట్రిఫ్యూజ్ చేసి, పైన ద్రవాన్ని సమానమైన ఇథైల్ అసిటేట్‌తో రెండుసార్లు కడగండి, కింద ముద్దని మిథనాల్‌లో నానబెట్టండి. మిగిలిన నీటిభాగాన్ని పారబోయకండి, స్ట్రెప్టోమైసిన్ లాంటివి ఇథైల్ అసిటేట్‌లోకి రానేరావు, నీళ్లలోనే ఉంటాయి. ఎక్స్‌ఏడీ-16 రెజిన్ దొరికితే ఫ్లాస్క్‌లోనే రెండు మూడు శాతం వేసేయండి, మందుని అది పట్టి ఉంచుతుంది, తర్వాత మిథనాల్‌తో దించుకోవచ్చు. రోటావేపర్‌లో 40 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టి, తూచి, డీఎంఎస్‌ఓలో మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు స్టాక్ చేయండి. బ్యాక్టీరియా వేయని మీడియాని కూడా ఇదే దారిలో నడిపి కంట్రోల్ ఎక్స్‌ట్రాక్ట్ ఉంచుకోవాలి, ఇది లేకపోతే మాస్ స్పెక్‌లో కనపడే సగం పీకులు మీడియావో మనవో ఎప్పటికీ తేలదు.

మళ్లీ జల్లెడ దగ్గరికి

ఎక్స్‌ట్రాక్ట్‌ని హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాల్ని విడదీసే యంత్రం) సీ18 కాలమ్ మీద నీళ్లు, అసిటోనైట్రైల్ గ్రేడియంట్‌లో నడిపి, అర నిమిషానికొకటి చొప్పున 96 గుంతల ప్లేట్‌లోకి ఫ్రాక్షన్లు పట్టి, ఆరబెట్టి, అదే ప్లేట్‌లో టెస్ట్ బ్యాక్టీరియా పోయండి. ఏ గుంతలో బ్యాక్టీరియా పెరగలేదో ఆ నిమిషం దగ్గర యూవీ ఎలా ఉంది, మాస్ ఎంత ఉంది అని చూస్తే చాలు, మొత్తం ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉన్న వందల పీకులతో పనిలేదు.

కొన్ని నంబర్లు నోటికి రావాలి. పాజిటివ్ మోడ్‌లో 1255.6 కనపడి ద్రవం నారింజ పసుపుగా ఉంటే ఆక్టినోమైసిన్ డీ, చాలా తరచుగా వచ్చేది ఇదే, మనుషుల కణాలకీ విషం. 734.5 ఎరిత్రోమైసిన్. 479.1 పక్కనే, రెండు ఎక్కువలో, క్లోరిన్‌కి గుర్తైన చిన్న పీక్ కూడా కనపడితే క్లోర్‌టెట్రాసైక్లిన్. 503.3 స్ట్రెప్టోత్రిసిన్ ఎఫ్. 1128.7 వాలినోమైసిన్ అమ్మోనియంతో కలిసినది. 22 తేడాతో జంట పీక్ ఉంటే అది కొత్త మాలిక్యూల్ కాదు, సోడియం అంటుకున్నది. ఈ మాస్‌ని ఎన్‌పీ అట్లాస్ డేటాబేస్‌లో వెతకండి, ఎంఎస్-ఎంఎస్ డేటా ఉంటే జీఎన్‌పీఎస్‌లో అప్‌లోడ్ చేయండి, రెండూ ఉచితం, మీ పీక్ ఏ తెలిసిన కుటుంబం పక్కన చేరిందో నెట్‌వర్క్‌లో కనపడుతుంది. మాస్ ఒక్కటే కలిసిందని పాతది అనేయొద్దు, యూవీ కూడా కలవాలి, ఆ జీవి ఏ జాతిదో కూడా పొసగాలి.

మాస్ స్పెక్ లేని కాలేజీ వాళ్లు బెంగళూరులో ఉండడం అదృష్టం. జీకేవీకే క్యాంపస్‌లోనే ఎన్‌సీబీఎస్, సీ-క్యాంప్ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి, సీ-క్యాంప్‌లో డబ్బు కట్టి బయటివాళ్లు కూడా వాడుకునే ఫెసిలిటీలు ఉన్నాయి. మాలిక్యూల్ స్ట్రక్చర్ తేల్చడానికి ఐఐఎస్‌సీలో ఎన్‌ఎంఆర్ రీసెర్చ్ సెంటర్ ఉంది. శాంపుళ్లు తీస్కుని ఊరికే వెళ్లకండి, ముందు మెయిల్ చేసి, గైడ్ సంతకంతో ఫారం నింపి, ఏ సాల్వెంట్‌లో ఎంత కావాలో కనుక్కుని వెళ్లండి.

జీనోమ్ ఏం చెప్తుంది

జల్లెడ దాటిన రెండు మూడు ఐసొలేట్లకే 16ఎస్ (బ్యాక్టీరియా జాతిని గుర్తుపట్టే జీన్) సీక్వెన్స్ చేయించండి, అన్నిటికీ చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లు, ఈజ్‌బయోక్లౌడ్‌లో పోల్చడం, 98.7 శాతం కంటే తక్కువ పోలిక వస్తే కొత్త జాతి అయ్యే అవకాశం ఉంది. కొత్త జాతి అంటే కొత్త మందు అని కాదు, పాత జాతిలో కొత్త మందు ఉండొచ్చు కూడా. 2002లో స్ట్రెప్టోమైసెస్ సీలికలర్ జీనోమ్ వచ్చినప్పుడు అందర్నీ ఆశ్చర్యపరిచింది ఇదే, దశాబ్దాలుగా చదివిన జీవిలో కొద్ది మందులే తెలుసు, జీనోమ్‌లో చూస్తే ఇలాంటి పదార్థాలు చేసే జీన్ గుంపులు ఇరవైకి పైగా ఉన్నాయి. చాలావరకు ల్యాబ్‌లో నిద్రపోతుంటాయి.

మొత్తం జీనోమ్ చేయించగలిగితే లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్ అడగండి, వీటి జీసీ (డీఎన్‌ఏలో జీ, సీ అక్షరాల వాటా) 70 శాతం దాటుతుంది, పెద్ద ఎంజైమ్ జీన్లలో ఒకే ముక్క పదే పదే వస్తుంది, చిన్న రీడ్లతో ముక్కలైపోతుంది. ఆ ఫైల్‌ని అలాంటి జీన్ గుంపుల్ని వెతికే యాంటీస్మాష్ అనే ప్రోగ్రాంలో వేయండి, ఉచితమే. అది చూపించే గుంపుల్లో తెలిసినవాటితో బాగా కలిసేవి పక్కన పెట్టి, మీ మాస్‌కి సరిపోయే గుంపు ఏదో వెతకండి. మాస్, జీన్ గుంపు రెండూ ఒకే మాట చెప్పి, డేటాబేస్‌లో రెండూ లేకపోతే, అప్పుడు సంతోషపడండి, ఆ సంతోషానికి అర్థం ఉంది.

బలం, విషం, రెసిస్టెన్స్

ఇక్కడ ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ మోతాదు) కావాలి, జోన్ కాదు. కాటయాన్ సరిచేసిన మ్యూలర్ హింటన్ బ్రాత్, గుంతకి మిల్లీలీటరు లెక్కన 5 లక్షల కణాలు, 35 డిగ్రీల్లో 16 నుంచి 20 గంటలు. పక్కనే వాంకోమైసిన్ పెట్టండి, స్టాఫ్ ఆరియస్ ఏటీసీసీ 29213 మీద దాని ఎంఐసీ 0.5 నుంచి 2 మైక్రోగ్రాముల మధ్య రావాలి, రాకపోతే ఆ రోజు ప్లేట్ మొత్తం చెల్లదు. డీఎంఎస్‌ఓ ఒక శాతం లోపే.

విషం పరీక్ష ప్యూరిఫికేషన్ పూర్తయ్యేదాకా ఆపొద్దు. గొర్రె రక్తకణాలు పగులుతున్నాయా చూడటం ఒక్క పూట పని. తర్వాత హెప్‌జీ2 లాంటి మనిషి కణాల మీద, బ్యాక్టీరియాని ఆపే మోతాదుకి కనీసం పది రెట్లు దాటాకే విషం కనపడాలి. మట్టి నుంచి వచ్చే మంచి మంచి హిట్లు చాలా ఇక్కడే ఆగిపోతాయి, అది త్వరగా తెలియడం మంచిదే.

తర్వాత 4 రెట్ల ఎంఐసీ ఉన్న ప్లేట్ మీద 100 కోట్ల కణాలు పరచి ఎన్ని తట్టుకుని లేచాయో చూడండి. లేచినవాటి జీనోమ్ చదివితే మందు ఎక్కడ తగులుతోందో చాలాసార్లు అదే చెప్పేస్తుంది. టైక్సోబ్యాక్టిన్‌కి అలా లేచినవి దొరకలేదు, అది ప్రొటీన్‌ని కాకుండా గోడ కట్టే ముడిసరుకు లిపిడ్ టూని పట్టుకుంటుంది, ప్రొటీన్ అయితే ఒక్క మ్యుటేషన్‌తో మారిపోతుంది, లిపిడ్‌ని అంత తేలిగ్గా మార్చుకోలేవు.

స్ట్రక్చర్‌కి కొన్ని మిల్లీగ్రాముల ప్యూర్ పదార్థం, హెచ్‌ఎస్‌క్యూసీ, హెచ్‌ఎంబీసీ, కోసీ అనే ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రాలు, వాటిని చదవగల ఒక ఆర్గానిక్ కెమిస్ట్ కావాలి. ఆ కెమిస్ట్‌ని మొదటి నెలలోనే కలుపుకోండి, చివర్లో వెళ్లి అడిగితే "ఇంకో ఇరవై లీటర్లు పెంచుకుని రా" అంటారు.

ఆ తర్వాత దారి

కొత్త మాలిక్యూల్ చేతిలో ఉన్నా మందు షాపు చేరడానికి పదేళ్ల పైన పడుతుంది, ఎలుకల్లో పనిచేయాలి, ఫేజ్ 1 నుంచి 3 దాకా వెళ్లాలి. డబ్బు కూడా పెద్ద సమస్యే, ప్లాజోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి 2018లో అమెరికా అనుమతి తెచ్చుకున్న అకావోజెన్ కంపెనీ 2019లోనే దివాలా తీసింది. అందుకే ఇలాంటి పరిశోధనకి మొదట్లో ప్రభుత్వ, అంతర్జాతీయ నిధులే దిక్కు. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ గ్రాంట్లు, సీ-క్యాంప్ ద్వారా యాంటీబయాటిక్ పరిశోధనకి నిధులిచ్చే కార్బ్-ఎక్స్ లాంటి అంతర్జాతీయ సంస్థలతో సంబంధం ఉన్నాయి, యాంటీబయాటిక్స్ మీదే పనిచేసే బగ్‌వర్క్స్ లాంటి కంపెనీ బెంగళూరులోనే ఎదిగింది.

పేటెంట్ ఆలోచన ఉంటే పోస్టర్ వేసేముందే, కాన్ఫరెన్స్‌లో చెప్పేముందే మీ సంస్థ ఐపీ సెల్‌తో మాట్లాడండి, ఒకసారి బయటపెట్టాక కొత్తదనం పోయినట్టే. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(సీ) ప్రకారం ప్రకృతిలో ఉన్న పదార్థాన్ని కనిపెట్టినంత మాత్రాన పేటెంట్ రాదు, తయారుచేసే పద్ధతి, మార్చిన రూపం, వాటిమీదే క్లెయిములు రాస్తారు. స్ట్రెయిన్‌ని చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల భాండాగారంలో డిపాజిట్ చేయండి, బుడాపెస్ట్ ఒప్పందం కింద గుర్తింపు ఉన్న కేంద్రం అది, పేటెంట్‌కి ఆ నంబర్ అడుగుతారు. డిపాజిట్ ఫారంలో మట్టి తీసిన చోటు రాయాల్సి వస్తుంది, మొదటి రోజు నోట్‌బుక్‌లో రాసుకున్న లొకేషన్, తేదీ, అనుమతి కాగితం అక్కడ జత చేయండి.